"అమ్మీ వచ్చాడు" అన్నందుకు నవ్వకండి: ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పిల్లలకు ఆటలతో తెలుగు వ్యాకరణం

మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు నేను క్లాసులో లేచి "టీచర్, మా అమ్మీ వచ్చాడు" అన్నాను. క్లాసంతా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వారు. తప్పు ఏంటో ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది మళ్లీ తెలుగు పీరియడ్‌లో నేను చెయ్యి ఎత్తలేదు.

నిజానికి నా బుర్రలో లెక్క సరిగ్గానే ఉంది. బస్సు వచ్చింది అంటారు, కుక్క వచ్చింది అంటారు. మా అమ్మీ బస్సూ కాదు, కుక్కా కాదు. మనిషి. మనిషికి "వచ్చాడు" అనాలి కదా! ఉర్దూ ఇంట్లో పెరిగిన చాలామంది పిల్లలు ఇలాంటి లెక్కతోనే తప్పు మాట్లాడతారు. అది తెలివి తక్కువ కావడం వల్ల కాదు. ఒక భాష నియమాన్ని ఇంకో భాషకు పెట్టి చూడటం వల్ల.

తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1 నుంచి 10వ తరగతి వరకు స్కూళ్లలో తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. అంటే మన పిల్లలు ఈ సబ్జెక్టును తప్పించుకుని పోయే దారి లేదు. పరీక్ష ఒక్కటే కాదు, రేపు బ్యాంకులో, ఆఫీసులో, పక్కింటివాళ్లతో నోరు విప్పాలన్నా ఇదే భాష. అయితే చాలా ఇళ్లలో అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. "నాకే రాదు, పిల్లలకి ఏం నేర్పుతాను" అని ట్యూషన్‌కి పంపుతారు. ట్యూషన్‌లో విభక్తుల పట్టిక బట్టీ పట్టిస్తారు. పిల్లాడు "డు, ము, వు, లు" గడగడా చెప్తాడు, ఇంటికొచ్చి "అలీకి పిలువు" అంటాడు.

ఈ వ్యాసం ఆ ఇళ్ల కోసం. తెలుగు చదవడం రాని అమ్మీ కూడా ఇంట్లో కూర్చుని ఆడించగల ఆటలు ఇందులో ఉన్నాయి. రెండో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలకు పనికొస్తాయి.

మన పిల్లలు ఎక్కడ తడబడతారు?

ముందు ఇది తెలిస్తే సగం పని అయినట్టే. ముఖ్యంగా ఐదు చోట్లు ఉన్నాయి.

1. వచ్చాడు, వచ్చింది. ఉర్దూలో ప్రతి వస్తువుకూ ఆడ, మగ తేడా ఉంది. ఘర్ మగ, కితాబ్ ఆడ. బస్ ఆయీ, అమ్మీ ఆయీ, అబ్బా ఆయే. తెలుగులో విభజన వేరు. ఒక్కరే అయితే మగ మనిషి ఒకవైపు, మిగతా అన్నీ ఇంకోవైపు. ఆడవాళ్లు, జంతువులు, వస్తువులు అందరికీ "వచ్చింది" ఒక్కటే. ఎక్కువ మంది అయితే లెక్క మారిపోతుంది. మనుషులంతా ఒకవైపు (వచ్చారు), మిగతావన్నీ ఇంకోవైపు (వచ్చాయి). అంటే ఒక అమ్మాయి బస్సు పక్కన నిలబడుతుంది, ఇద్దరు అమ్మాయిలు అబ్బాయిల పక్కకి వెళ్తారు. పిల్లలకి ఇలా చెప్తే భలే సరదా పడతారు.

2. ఇద్దరు, రెండు. ఉర్దూలో దో బచ్చే, దో రోటియాఁ. మనిషికీ రొట్టెకీ ఒకే లెక్క. తెలుగులో రెండు రొట్టెలు, కానీ ఇద్దరు పిల్లలు. మన పిల్లలు "నాకు రెండు తమ్ముళ్లు" అంటారు.

3. మనం, మేము. ఉర్దూలో "హమ్" ఒక్కటే. తెలుగులో వినేవాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. "మనం రేపు ఊరికి వెళ్తున్నాం" అని ఫ్రెండ్‌తో అంటే, వాడు కూడా బ్యాగ్ సర్దుకోవాలి!

4. కి, ని. ఇది అన్నిటికంటే గట్టి చిక్కు. మన దక్కనీలో "కు" అనే మాట ఉంది. మేరేకు దే, అలీకు బులా. తెలుగులో కూడా "కు" ఉంది. రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి పిల్లాడు నేరుగా ఎత్తి ఇక్కడ పెడతాడు. "నాకు ఇవ్వు" దగ్గర సరిపోతుంది. "అలీకి పిలువు" దగ్గర దెబ్బ తింటుంది. అక్కడ "అలీని పిలువు" అనాలి. అలాగే ఉర్దూలో "అలీ సే పూఛో" కాబట్టి "అలీతో అడుగు" అంటారు. తెలుగులో "అలీని అడుగు".

5. ఇల్లు, ఇంట్లో. "ఇల్లులో" అనరు, "ఇంట్లో" అంటారు. నోరు నోట్లో అవుతుంది, కన్ను కంట్లో అవుతుంది, చెయ్యి చేతిలో అవుతుంది. ఉర్దూలో కూడా ఇలాంటిది ఉంది. దర్వాజా, కానీ దర్వాజే పే. లడ్కా, కానీ లడ్కే కు.

ఇంకో సంగతి కూడా పిల్లలకి చెప్పాలి. మన భాష తెలుగుకి దగ్గరగా ఉన్న చోట్లు చాలానే ఉన్నాయి. రెండింట్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో అలా రాదు. "ఘర్ మే" అన్నట్టే "ఇంట్లో", ప్రత్యయం వెనకే వస్తుంది. మన దక్కనీలో "ఆతుం బోల్కే బోలా" అంటాం. తెలుగులో "వస్తానని చెప్పాడు". ఆ "బోల్కే" పని, ఈ "అని" పని ఒకటే. ఢిల్లీ ఉర్దూలో ఇలా వెనక పెట్టరు, "కే" అని ముందు పెడతారు. వందల ఏళ్లు తెలుగు, కన్నడ పక్కన బతికిన భాష కాబట్టి మన దక్కనీకి ఆ అలవాటు వచ్చింది. కాబట్టి మన పిల్లాడు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు.

ఆటలతో నేర్పడం కొత్త మాటేమీ కాదు

వ్యాకరణాన్ని చేత్తో పట్టుకునే వస్తువుగా మార్చిన పేరు మరియా మాంటిస్సోరి. ఇటలీ డాక్టరమ్మ. ఆమె పద్ధతిలో నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర గుండ్రం. కదలకుండా నిలబడేది నామవాచకం, దొర్లేది క్రియ అని పిల్లలకి చూడగానే తెలుస్తుంది. కార్డు మీద రాసిన పని చదివి చేసి చూపించే ఆటలు కూడా ఉన్నాయి. ఇంకో ముఖ్యమైన విషయం ఏంటంటే, తప్పు చేస్తే ఆ వస్తువే చెప్పాలి, టీచర్ చెప్పనవసరం లేదు అన్నది ఆమె సూత్రం. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇండియాలోనే ఉండి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ. అక్కడి సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒకే గది, ఒకే టీచర్, రకరకాల వయసుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం ఒకేసారి చెప్పడం కుదరదు. అందుకని పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. పిల్లలు తాము ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకుని, ఆ కార్డు తీసుకుని పని చేస్తారు. ముందు పరిచయం, తర్వాత సాధన, ఆ తర్వాత చిన్న పరీక్ష. రాకపోతే మళ్లీ సాధన కార్డులు, వస్తే పై మెట్టు. నాలుగు రోజులు బడికి రాకపోయినా, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఈ పద్ధతి చూసి కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లాలో "నలి కలి" మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ స్కూళ్లలో ఇలాంటి పద్ధతే పెట్టారు. తర్వాత తమిళనాడు అంతా పాకింది.

ఈ రెండింటి నుంచి మనం తీసుకోవాల్సినవి రెండే. తప్పును కార్డే చెప్పాలి. ఎవరి మెట్టు వాళ్లది.

చీటీలు తయారు చేసుకోవడం

కొనాల్సింది ఏమీ లేదు. మన ఇళ్లలో పాత శాదీ రుక్కాలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. గట్టి అట్ట, వెనక ఖాళీ. వాటిని పేకముక్క సైజులో కత్తిరించండి. ఒక ఆటకు ముప్పై చీటీలు చాలు. బొమ్మలు పాత పేపర్ల నుంచి కత్తిరించి అంటించొచ్చు.

చీటీ ముందువైపు బొమ్మ లేదా మాట. వెనకవైపు మూలలో రంగు చుక్క. ఆ చుక్కే సమాధానం. డబ్బా మీద కూడా అదే రంగు చుక్క ఉంటుంది. పిల్లాడు చీటీ డబ్బాలో వేసి, చివర్లో అన్నీ తిప్పి చూసుకుంటాడు. రంగు కలిస్తే సరి, కలవకపోతే తప్పు. అమ్మీకి తెలుగు చదవడం రానవసరం లేదు, రంగు గుర్తుపడితే చాలు. మొదటిసారి చీటీలు రాయడానికి మాత్రం తెలుగు బాగా వచ్చిన వాళ్లు ఒకరు కావాలి. పెద్ద పిల్లలు, పక్కింటి అక్క, లేదా స్కూల్ టీచర్. ఒక గంట పని. ఒకసారి రాస్తే చిన్న పిల్లలందరికీ పనికొస్తాయి.

ఆటలు

నాలుగు డబ్బాల ఆట. నాలుగు డబ్బాల మీద వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని రాయండి. చీటీల మీద మామూ, ఖాలా, మేక, ఆటో, వాన, పిల్లలు, కోళ్లు, అమ్మాయిలు, బస్సులు లాంటి మాటలు. పిల్లలు చీటీ తీసి వాక్యం గట్టిగా చెప్పి, డబ్బాలో వేయాలి. "ఖాలా వచ్చింది. కోళ్లు వచ్చాయి." గట్టిగా చెప్పడం ముఖ్యం, చెవికి అలవాటు కావాలి. పది రోజుల తర్వాత చిక్కు చీటీలు కలపండి. సూర్యుడు మనిషి కాదు, కానీ "సూర్యుడు వచ్చాడు" అంటారు. మాటే డు తో ముగుస్తుంది కదా. నానా ఒక్కరే, కానీ గౌరవానికి "నానా వచ్చారు". ఇది మన పిల్లలకి కొత్త కాదు, ఉర్దూలో కూడా "నానా ఆయే" అనే అంటాం.

దస్తర్‌ఖాన్ లెక్క. దీనికి చీటీలు కూడా అక్కర్లేదు. అన్నం పెట్టే ముందు చిన్నవాళ్లతో లెక్క పెట్టించండి. "ఐదుగురు మనుషులు, ఐదు పళ్లేలు, మూడు గ్లాసులు. ఇంకా ఇద్దరికి గ్లాసులు కావాలి." ఒకడు, ఒకతె, ఒకటి. ఇద్దరు, రెండు. ముగ్గురు, మూడు. నలుగురు, నాలుగు. రోజుకి రెండుసార్లు అవసరం వచ్చే లెక్క కాబట్టి వారం, పది రోజుల్లో నోటికి పట్టేస్తుంది.

మనం-మేము బిస్కెట్ ఆట. కనీసం నలుగురు కావాలి. ఇద్దరిద్దరు జట్లుగా కూర్చోవాలి. మధ్యలో బిస్కెట్లు. ఒక జట్టు పిల్లాడు చీటీ తీస్తాడు. దాని మీద "మనం తిందాం" అని ఉంటే నలుగురూ తలో బిస్కెట్ తీసుకోవాలి. "మేము తింటాం" అని ఉంటే చదివిన జట్టు మాత్రమే. తొందరపడి తప్పు చెయ్యి పెట్టినవాళ్లు ఒక బిస్కెట్ తిరిగి ఇచ్చేయాలి. తేడా తెలియకపోతే బిస్కెట్ పోతుంది కాబట్టి ఈ ఆటను ఎవరూ మర్చిపోరు.

పిల్లి-ఎలుక ఆట. పిల్లి, ఎలుక, తరిమింది అని మూడు పెద్ద చీటీలు. "ని" అని ఒక చిన్న చీటీ. "పిల్లి ఎలుకని తరిమింది" అని పేర్చి, ఇద్దరు పిల్లలు నటించి చూపించాలి. ఇప్పుడు "ని" చీటీని తీసి పిల్లి పక్కన పెట్టండి. "పిల్లిని ఎలుక తరిమింది." ఎలుకగా ఉన్నవాడు ఇప్పుడు పిల్లి వెంట పడాలి! మాటల వరుస మారలేదు, చిన్న చీటీ మాత్రమే జరిగింది, కథ తలకిందులైంది. నేను బీకాం చదివిన వాణ్ణి, నాకు ఇది డెబిట్, క్రెడిట్‌లాగా కనిపిస్తుంది. అంకె అదే, ఏ వైపు రాశామన్నదే తేడా. తర్వాత వరుస మార్చి "ఎలుకని పిల్లి తరిమింది" అని పేర్చండి. వరుస మారినా అర్థం మారలేదు. కర్త, కర్మ అంటే ఏంటో ఆ పూట వాళ్లకి అర్థమైపోతుంది, ఆ పేర్లు చెప్పకుండానే.

కి-ని డబ్బాలు. ఇది పైన చెప్పిన గట్టి చిక్కు కోసం. రెండు డబ్బాలు, ఒకటి "అలీకి", ఒకటి "అలీని". చీటీల మీద క్రియలు. ఇవ్వు, చెప్పు, చూపించు, నేర్పు ఇవన్నీ "అలీకి" డబ్బాలోకి. పిలువు, చూడు, అడుగు, లేపు, ఆపు ఇవన్నీ "అలీని" డబ్బాలోకి. ఇక్కడ కూడా వాక్యం గట్టిగా చెప్పాలి. దీనికి ఎక్కువ రోజులు పడుతుంది, కంగారు పడకండి. దక్కనీలో రెండు చోట్లా "కు" తో సరిపోతుంది కాబట్టి నోరు పాత దారిలోకే వెళ్తుంది.

దాచుకునే ఆట. ఒక చీటీ మీద పని రాసి ఉంటుంది. "చేతిలో చెంచా పట్టుకో. మంచం కింద చెప్పు దాచు. నోట్లో లవంగం వేసుకో. ఇంట్లోంచి బయటికి వెళ్లి రా." పిల్లలు చదివి, మాట్లాడకుండా చేసి చూపించాలి. మిగతావాళ్లు చూసి వాక్యం చెప్పాలి. "చెయ్యిలో" అన్నవాళ్లకి పాయింట్ లేదు, "చేతిలో" అంటేనే పాయింట్. చీటీ వెనక ఆ పని బొమ్మ గీసి ఉంచితే, సరిగ్గా చేశాడో లేదో అమ్మీకి తెలుస్తుంది.

ఐదు, ఆరు తరగతుల పిల్లలకు సంధులు మొదలవుతాయి. పొడవాటి అట్ట ముక్క మీద "మేన అల్లుడు" అని రాసి, "న" తర్వాత మధ్యలో మడత పెట్టండి. మడిస్తే "మేన" లోని చివరి "అ" మాయమై "మేనల్లుడు" కనిపించేలా పైన రాయండి. "వాడు ఎవడు" మడిస్తే "వాడెవడు". మడత విప్పితే విడదీసినట్టు, మూస్తే కలిపినట్టు. పది మడత చీటీలు చేతిలో తిప్పిన పిల్లలకు ఏ అచ్చు పోయిందో చెప్పమంటే చెప్తారు. పోయింది "అ" అయితే అత్వ సంధి, "ఇ" అయితే ఇత్వ సంధి, "ఉ" అయితే ఉత్వ సంధి.

నిచ్చెన పెట్టుకోండి

గోడకి ఒక తాడు కట్టి, దానికి ఆరు కాగితాలు తగిలించండి. 1. వచ్చాడు-వచ్చింది 2. ఇద్దరు-రెండు 3. మనం-మేము 4. పిల్లి-ఎలుక 5. కి-ని 6. ఇల్లు-ఇంట్లో. ప్రతి పిల్లాడికీ పేరు రాసిన బట్టల క్లిప్పు ఒకటి. ఒక ఆటను రెండు వేరు వేరు రోజుల్లో తప్పు లేకుండా ఆడితే, క్లిప్పు పై కాగితానికి వెళ్తుంది. క్లిప్పు జరపడం పిల్లల పని, మనది కాదు.

అన్న మూడో మెట్టు మీద ఉండి, చెల్లి ఐదో మెట్టు మీద ఉండొచ్చు. "చూడు, నీకంటే చిన్నది ఎక్కడ ఉందో" అన్న మాట మాత్రం నోటి నుంచి రాకూడదు. ఆ ఒక్క మాటతో నిచ్చెన మళ్లీ ర్యాంకుల పట్టిక అయిపోతుంది.

పుస్తకంతో ఎలా కలపాలి?

పరీక్షలో ఆటలు అడగరు, పేర్లు అడుగుతారు. కాబట్టి ఆట బాగా వచ్చిన తర్వాత పేరు చెప్పండి. నాలుగు డబ్బాల ఆట ఆడిన పిల్లలకి, మగ మనుషుల మాటలు మహద్వాచకాలు, ఆడవాళ్లవి మహతీవాచకాలు, మిగతావి అమహద్వాచకాలు అని చెప్తే ఒక్కరోజులో పట్టుకుంటారు. "ని, ను" ద్వితీయా విభక్తి, "కి, కు" షష్ఠీ విభక్తి అని కి-ని డబ్బాల మీదే రాసి అంటించొచ్చు. ముందు వాడకం, తర్వాత పేరు. మనం ఇన్నాళ్లూ చేసింది దీనికి ఉల్టా.

కొన్ని జాగ్రత్తలు

రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. పిల్లలు ఇంకా ఆడదాం అంటుండగానే ఆపేయండి. రేపు వాళ్లే డబ్బా తెస్తారు.

ఆట బయట మామూలుగా మాట్లాడేటప్పుడు ప్రతి తప్పునూ పట్టుకోకండి. వాడు "అలీకి పిలిచాను" అంటే, "ఓహో, అలీని పిలిచావా? వచ్చాడా?" అని సరైన వాక్యంతోనే జవాబివ్వండి. మాట ఆగదు, చెవికి సరైనది వినిపిస్తుంది.

ఇంట్లో ఉర్దూ ఆపేయకండి. తెలుగు రావాలని ఉర్దూ మానిపించే తల్లిదండ్రులు ఉన్నారు. అవసరం లేదు. "ఉర్దూలో హమ్, తెలుగులో రెండు మాటలు, ఎందుకు?" అని పక్కపక్కన పెట్టి చూపిస్తే, పిల్లలకి రెండు భాషలూ బాగా అర్థమవుతాయి.

చదవడం, రాయడం ఈ ఆటలతో పూర్తి కాదు. ఒత్తులు, గుణింతాలు, చేతిరాత వేరే సాధన. ఆటలు నోటినీ చెవినీ సరిచేస్తాయి, రోజూ ఒక చిన్న తెలుగు కథ చదివించడం దానికి తోడు కావాలి.

టీచర్లకి ఒక మాట. మీ క్లాసులో ఉర్దూ ఇంటి పిల్లాడు "అమ్మీ వచ్చాడు" అంటే, నవ్వు రాకముందే ఒక్క ప్రశ్న అడగండి, "ఎందుకు అలా అన్నావు?" అని. వాడు చెప్పే కారణం వింటే, ఆ రోజు పాఠం అక్కడే దొరుకుతుంది.

మా ఆపా కూతురు ఇప్పుడు మూడో తరగతి. రెండు నెలలుగా ఇంట్లో ఈ డబ్బాలు ఆడుతోంది. మొన్న భోజనాల దగ్గర నేను తొందరలో "ఇంకా రెండు మంది రావాలి" అన్నాను. పళ్లెం చేతిలో పట్టుకునే నా వైపు చూసి, "మామూ, రెండు కాదు, ఇద్దరు" అంది. అందరూ నవ్వారు. ఈసారి నేను కూడా నవ్వాను.